మిస్డ్ కాల్‌తో మోటరు: బిగించుట, బాగుచేయుట, భరించుట

మీకు మునుగోడు దిక్కో, కల్వకుర్తి దిక్కో రెండెకరాల చెలక, అందులో ఒక బోరు, బోరులో ఐదు హెచ్‌పీ మోటరు ఉంటే మొబైల్ స్టార్టర్ తప్పనిసరి. అక్కర లేదని మీకు తోచవచ్చు. పక్క చేనాయన పెట్టించాక ఆ తోచడం ఎక్కువ రోజులు నిలవదు.

పాత స్టార్టర్ డబ్బాకు పచ్చ మీట ఒకటి, ఎర్ర మీట ఒకటి. పచ్చది నొక్కితే మోటరు నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. ఎవరైనా వాడగలిగేంత తేలిక. ఈ లోపాన్ని సవరించడానికే కొత్త డబ్బా వచ్చింది. దాని కడుపులో ఒక సిమ్ము, చిన్న బోర్డు, రెండు మూడు రిలేలు ఉంటాయి. మీరు ఇంట్లోంచి ఫోను కొడితే పచ్చ మీట పని తాను చేస్తుంది. చేశాక మీకే తిరిగి ఫోను చేసి మోటరు ఆన్ అయిందని చెబుతుంది. నడిరాత్రి ఫోను మోగితే ఎవరని ఇంట్లో అడుగుతారు. మోటరు అని నిజమే చెప్పండి. మొదటి వారం ఎవరూ నమ్మరు.

దూరం నుంచి మోటరును నడిపే ఈ అవస్థ మనకొక్కరికే అనుకోవద్దు. అమెరికాలో, జర్మనీలో వయసు మళ్లిన పెద్దమనుషులు బొమ్మ రైలింజన్లలో, పిలుపు అందుకునే గోరంత డీకోడర్ బిగించి, కదలకపోతే తలపట్టుకుని కూర్చుంటారు. వాళ్ల ఏర్పాటులో కరెంటూ ఆజ్ఞా రెండూ ఆ పట్టాల మీదే కలిసి వస్తాయి. ఒక్కో ఇంజనుకు ఒక్కో నంబరు. తన నంబరు పిలిస్తేనే కదలాలి. కొత్త డీకోడర్లు మామూలుగా 3వ నంబరుతో వస్తాయి కనుక, మార్చడం మరిచిపోయి రెండింజన్లను పట్టాల మీద పెడితే ఒక్క పిలుపుకు రెండూ బయలుదేరతాయి. ఎరుపు, నలుపు తీగలు పట్టాలకు, నారింజ, బూడిద రంగు తీగలు మోటరుకు అని వాళ్లు ఒక ఒప్పందం రాసుకున్నారు. మన దగ్గర నంబరు పది అంకెలది. తీగల రంగు అంటారా, అంగట్లో ఆ పూట ఏ చుట్ట ఉంటే అది.

పైగా వాళ్లది సరదా. మనది అట్లా మొదలు కాలేదు. వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద 2004 మే 14న, ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే, వై.ఎస్. రాజశేఖరరెడ్డి సంతకం చేశారు. కరెంటు ఏ వేళకు వస్తుందన్నది సంతకం పరిధిలోకి రాలేదు. ఏడు గంటలు ఇస్తామన్న దాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను రాత్రికి తోసేవారు. టార్చిలైటు పట్టుకుని మోటరు వెయ్యడానికి పోయి, తడి చేత్తో డబ్బా ముట్టుకున్నవాళ్లు, ఒడ్డు మీద పామును తొక్కినవాళ్లు కొందరు ఇంటికి తిరిగి రాలేదు. కరెంటు రాగానే తనంతట తాను మోటరు వేసే ఆటో స్టార్టర్ చేలల్లోకి వచ్చింది అందుకే. పుణె ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్ ‘నానో గణేష్’ పేరుతో ఫోనుతో నడిచే స్విచ్చి తయారుచేసింది కూడా చీకట్లో పంపు దాకా నడిచే రైతు కోసమే. కాబట్టి ఇకముందు డబ్బాను ఎంత ఆడిపోసుకున్నా, అది పుట్టిన కారణం మంచిదేనని గుర్తుంచుకుని చదవండి.

ఇక బిగింపు. ముందు పాత డబ్బా తెరవాలి. తెరిచేముందు మెయిన్ ఆపాలి. ఈ ఒక్క వాక్యంలో వెటకారం లేదు, ఆపండి.

రాతి కడీకి ఇనుప తీగతో కట్టిన ఆ డబ్బా మూత తీయగానే దుమ్ముతో పాటు కాలిన వాసన వస్తుంది. కాంటాక్టర్ పళ్ల మధ్య ఒక బల్లి ఉంటుంది. ఎప్పుడో చలికాలంలో వెచ్చదనానికి దూరి, మోటరు ఆన్ అయిన క్షణంలోనే అతుక్కుపోయి ఎండింది. దాని తోక ఒక ఫేజు మీద, తల ఇంకో ఫేజు మీద. కాయిల్ చుట్టూ ఎర్రచీమలు మట్టి పెట్టి ఉంటాయి. ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట సర్వీసు వైరులోంచి పీకిన అల్యూమినియం పోగులు మెలితిప్పి ఉంటాయి. ఆ ఫ్యూజు ఈ జన్మలో పోదు, దాని బదులు మోటరు పోతుంది. అతుకుల మీద సైకిల్ ట్యూబు ముక్కలు. ఈ డబ్బా పన్నెండేళ్లుగా ఒక్క ఫిర్యాదు లేకుండా పనిచేసింది. ఇప్పుడు దీనికి చదువుకున్న తమ్ముణ్ణి జత చేస్తున్నారు.

కొత్త డబ్బా బిగించి, మూడు ఫేజులు కలిపి, మొదటి ఫోను కొట్టారు. మోటరు తిరిగింది కానీ నీళ్లు సన్నగా, బద్ధకంగా వస్తున్నాయి. బోరు ఎండిందని ఏడవకండి. ఫేజుల వరుస మారి మోటరు వెనక్కి తిరుగుతోంది. మూడింటిలో ఏ రెండు తీగలనైనా అటుదిటు మారిస్తే సరి. ఈ రహస్యం తెలిసిన మెకానిక్ ఐదు నిమిషాల్లో చేసేస్తాడు. అందుకే మధ్యాహ్నం దాకా చేయడు.

రెండో రోజు అసలు మోటరే లేవదు. బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతుంది. ఒక ఫేజు రావడం లేదు, నేను మోటరును వెయ్యను అని డబ్బా చెబుతోందన్నమాట. మూడు ఫేజుల మోటరు రెండింటి మీద నడిస్తే ఆ రెండింటి నుంచే ఎక్కువ కరెంటు గుంజి, వేడెక్కి, వైండింగ్ మాడుతుంది. దాన్ని ఆపడానికే ప్రివెంటర్ పెట్టారు. అయితే చేను ఎండుతుంటే నిజం చెప్పేవాణ్ణి ఎవరు భరిస్తారు?

“తమ్మీ, ఇది మాటిమాటికి ఆపుతున్నది. ఏంది కథ?”

“ఏం లేదు కాకా, ప్రివెంటర్ తీసేసి డైరెక్టు కలిపిన. కెపాసిటర్ గూడ పెట్టిన. ఇగ రెండు ఫేజులున్నా తిరుగుతది, చూస్కో.”

తిరుగుతుంది కూడా. ఎన్నాళ్లన్నది మెకానిక్ చెప్పడు, మీరు అడగరు. మోటరు కాలాక పైపులు గుంజి మోటరును బయటికి తీసే మనుషులనూ, వైండింగ్ షాపునూ మాట్లాడి పెట్టేది కూడా ఆ తమ్ముడే.

మోటరు లేవకుండా డబ్బాలో టకటకమని చప్పుడు మాత్రం వస్తుంటే లో వోల్టేజీ. కాంటాక్టర్ కాయిల్ గట్టిగా పట్టాలంటే దాని మీద రాసిన వోల్టేజీలో కనీసం 85 శాతం రావాలి. 415కు అది సుమారు 350. లైను కొసన ఉన్న చేనుకు 350 దాకా అందుతుందన్న హామీ ఏమీ లేదు. కాయిల్ పట్టీ పట్టక కొట్టుకుంటుంటే డబ్బా మీద అరచేత్తో చరుస్తారు. చరిస్తే ఒక్కోసారి పడుతుంది. విజ్ఞానశాస్త్రం దీన్ని ఒప్పుకోదు, ఊరు ఒప్పుకుంటుంది.

సిమ్ము సంగతి వేరు. మోటరుకు ఫోను పోవడం లేదంటే మొదట చూడాల్సింది రీచార్జి. ఇంట్లో నలుగురి ఫోన్లకు వేయించి ఐదో మనిషిని మరిచిపోతారు. ఆ ఐదో మనిషి బోరులో ఉన్నాడు. రీచార్జి ఉన్నా కలవకపోతే గుట్ట అడ్డం ఉండవచ్చు, లేదా కరెంటు పోయి టవరు బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు. కరెంటు వచ్చిందో లేదో చెప్పే యంత్రం కరెంటు ఉంటేనే మాట్లాడుతుందన్న మాట. అన్నీ బాగుంటే ఇక ఎవరి నంబర్లు ఎక్కించాలన్న ప్రశ్న వస్తుంది. అన్నదమ్ముల ఉమ్మడి బోరైతే ఈ పని పెద్దమనుషుల సమక్షంలో చేసుకోండి. వంతు మీదైన పూట, ఎల్బీ నగర్‌లో కిరాయికుంటున్న తమ్ముడు మెట్రోలో నిలబడి మిస్డ్ కాల్ కొట్టి మోటరు బంద్ చేయగలడు. మునుపు తగాదా పడాలంటే ఊరికి రావలసి వచ్చేది.

ఇప్పటిదాకా చెప్పినవి చిల్లర రోగాలు. ఫోను కొట్టకుండానే, కరెంటు రాగానే డబ్బా తానే మోటరు వేసే ఆటో మోడ్ దగ్గరికి వద్దాం, అసలు బాగోతం అక్కడుంది.

మీ చేల నడుమ 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉందనుకోండి. అది ఒక్కో ఫేజుకు సుమారు 33 ఆంపియర్లు ఇస్తుంది. ఐదు హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు తీసుకునేది ఏడు చిల్లర. ఐదు మోటర్లు పెడితేనే దానికి నిండుకుండ. కానీ మోటరు లేచే క్షణంలో ఐదారు రెట్లు గుంజుతుంది, అంటే ఒక్కోటి నలభై దాకా. మనుషులు నడిచి వెళ్లి పచ్చ మీటలు నొక్కిన కాలంలో ఇది సమస్య కాలేదు. ఒకాయన చుట్ట ఆర్పి వెళ్లేవాడు, ఇంకొకాయన మజ్జిగ తాగి వెళ్లేవాడు, మూడో ఆయన దారిలో మాట్లాడుతూ నిలబడేవాడు. ఆ బద్ధకమే ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడేది. ఇప్పుడు కరెంటు వచ్చిన క్షణంలో ఐదు ఆటో స్టార్టర్లు ఒక్కసారే లేస్తాయి. రెండు వందల ఆంపియర్లు. వోల్టేజీ పడిపోతుంది, ఏ మోటరూ పూర్తిగా లేవదు, ఫ్యూజు ఢామ్మంటుంది. అంతా చీకటి. ఐదు యంత్రాల్లో దేనికీ ఏ రోగమూ లేదు. ఐదూ చెప్పిన పని చెప్పినట్టు చేశాయి.

దీనికి మందు డబ్బాలోనే ఉంది. కరెంటు వచ్చాక ఎంతసేపటికి మోటరు లేవాలో పెట్టుకునే టైమర్ అది. మీది పది సెకన్లు, పక్కాయనది నలభై, ఆపై ఆయనది డెబ్బై అనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ హాయిగా ఉంటుంది. ఈ ఒప్పందం కోసం అయిదుగురూ వేపచెట్టు కింద కూర్చుంటారు. చాయ్ తాగుతారు. తలకాయలూపుతారు. ఆ రాత్రి ఎవరి డబ్బా దగ్గరికి వాళ్లు పోయి టైమర్‌ను సున్నాకు తిప్పుకుంటారు. వాళ్లను తిట్టకండి. ఇక్కడ నేల కింద ఉన్నది నల్లరాయి. నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలో. మీ బోరుకూ పక్క బోరుకూ పగులు ఒకటే అయితే, ముందు లేచిన మోటరుదే నీళ్లు. నలభై సెకన్లు ఆగినవాడు మర్యాదస్తుడు, అతని బత్తాయి తోట ఎండుతుంది.

తర్వాత 2018 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చారు. ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం పుట్టిన డబ్బాకు, ఎప్పుడూ పోని కరెంటు ఎదురైంది. ఆపమని ఎవరూ చెప్పలేదు కనుక అది ఆపలేదు. మడి నిండి, కాలువ నిండి, బాట మీదికి నీళ్లు పారాయి. కింద పగుళ్లు ఖాళీ అయ్యాయి. ఆటో స్టార్టర్లు తీసేయండని విద్యుత్ సిబ్బంది ఊరూరా తిరిగారు. కొన్ని ఊళ్లలో రైతులే మాకు 24 గంటలు వద్దు, తొమ్మిది గంటలు చాలన్నారు. ఈ భాగంలో మీరు నేర్చుకోవాల్సింది డబ్బాను తీయడం కాదు, దాచడం: సిబ్బంది బండి కనిపించగానే రెండు తీగలు ఊడదీసి, యంత్రాన్ని గడ్డివాములో పెట్టి, పాత పచ్చ మీట మీద వేలు పెట్టి నిలబడాలి. బండి మలుపు తిరిగాక మళ్లీ కలపాలి. కలిపేటప్పుడు ఫేజుల వరుస మారుతుంది. మారితే ఏం చేయాలో పైన చెప్పాను.

నీళ్లు తగ్గాక డబ్బా ఇంకో కొత్త అలవాటు చూపిస్తుంది: పది నిమిషాలు నడిపి ఆపుతుంది. నీటిభారం లేక మోటరు తక్కువ కరెంటు తీసుకోవడం గమనించి, ఎండు బోరులో తిరిగితే బేరింగులు పోతాయని ఆపుతోంది. బోరు మోటరు చల్లబడేది చుట్టూ ఉన్న నీళ్లతోనే కదా. మీరు మాత్రం యంత్రం పాడైందనే అనుకోవాలి. మెకానిక్ తమ్ముణ్ణి పిలిచి ఆ డ్రై రన్ సెట్టింగు కూడా బంద్ చేయించాలి. ఇప్పుడు డబ్బాలో ప్రివెంటర్ లేదు, టైమర్ సున్నా, డ్రై రన్ లేదు. అంటే వేలు పోసి కొన్నది తిరిగి పచ్చ మీటగా మారింది, సిమ్ము రీచార్జి అదనం.

ఆ తర్వాత మామూలే. బోరు ఎండుతుంది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసే ఆయన వస్తాడు. కొత్త బోరుకు అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం అంటుంది కాబట్టి రిగ్గు బండి రాత్రిపూట వస్తుంది. నల్లగొండ జిల్లా ముసంపల్లిలో మనుషుల కంటే బోర్లే ఎక్కువని పాత్రికేయుడు పి. సాయినాథ్ 2004లోనే రాశారు. మీ ఊరు వెనకబడి ఉంటే అది మీ పట్టుదల లోపం.

చివరిగా ఒక పరికరం గురించి చెప్పాలి, ఇది ఏ డబ్బాతోనూ రాదు. మొబైల్ స్టార్టర్ మీకు వోల్టేజీ చెబుతుంది, ఫేజులు చెబుతుంది, మోటరు నడుస్తోందని చెబుతుంది. పైపులోంచి నీళ్లు పడుతున్నాయా లేదా అన్నది చెప్పదు. అందుకు చేను పక్క ఇంట్లో ఉండే పిల్లవాడి నంబరు దగ్గర పెట్టుకోండి. “మోటరు నడుస్తున్నదట, నీళ్లు పోస్తున్నదారా బిడ్డా?” అని అడగండి. వాడు పోయి తొట్లో చూసి చెబుతాడు. మొన్నటిదాకా ఐదు రూపాయల బిస్కెట్ పుడకు పోయేవాడు, ఇప్పుడు తన ఫోనుకు కూడా రీచార్జి చేయించమంటున్నాడు.