దుంపల బాబాయి

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ల పెరళ్లలో వేసవి వచ్చిందంటే గోంగూర మడి, సొరపాదు, నాలుగు మిరపమొక్కలు ఉండి తీరతాయి. బోథెల్‌లో ఒక్క పెరట్లో మాత్రం అవేవీ కనబడవు. కంచె నుంచి కంచె దాకా డాలియాలే. ఇంటాయన బందరు మనిషి, యాభై దాటిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వీధిలోని తెలుగు పిల్లలు ఆయనకు పెట్టిన పేరు 'దుంపల బాబాయి'. పూల బాబాయి అనలేదంటే పిల్లలు బాగానే గమనించారన్నమాట. పువ్వు కనబడేది మూడు నాలుగు నెలలు. మిగతా ఏడాదంతా ఆయన కాపరం దుంపలతోనే.

ఇందులో ఊరి తప్పు కూడా కొంత ఉంది. సియాటిల్ నగరం 1913లోనే డాలియాను తన అధికారిక పుష్పంగా ఎంచుకుంది. పగలు మరీ మండకుండా, రాత్రి చల్లబడిపోయే అక్కడి వేసవి ఈ మొక్కకు హాయి. దాని పుట్టిల్లు మెక్సికో కొండలు మరి! అక్కడి నుంచి 1789లో విత్తనాలు మాడ్రిడ్ రాచతోటకు చేరాయి. 1791లో కవనీలెస్ అనే స్పెయిన్ వృక్షశాస్త్రవేత్త ఈ మొక్కకు ఆండర్స్ డాల్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. డాల్ పోయి అప్పటికే రెండేళ్లు. బాబాయిగారి భార్య లెక్కలో ఆ డాల్ అదృష్టవంతుడు. పేరు దక్కింది, తవ్వకాలు తప్పాయి.

ఆ తవ్వకాలు నవంబరులో. తొలి మంచు పడి మొక్కలు నల్లగా మాడగానే మిగతా జనం ఇంట్లో హీటర్ వేసుకుని కూర్చుంటే, బాబాయి రెయిన్‌కోటు తొడుక్కుని తవ్వుకోల పట్టుకుంటాడు. దుంపల గుత్తిని వేళ్లు తెగకుండా పైకి తీయాలి. డాలియా కాడ లోపల బోలుగా ఉంటుంది, నీళ్లు నిలిచిపోతాయి. అందుకని తలకిందులుగా పెట్టి నీళ్లు కారనివ్వాలి. తర్వాత కడగాలి, విడదీయాలి. విడదీయడంలోనే ఉంది విద్యంతా. దుంప ఎంత బలంగా ఉన్నా సరే, కాడ మొదట్లోని కణుపు ముక్క ఒకటి దాన్ని అంటిపెట్టుకుని ఉండాలి, ఆ ముక్క మీద 'కన్ను' ఉండాలి. కన్ను లేని దుంప నేలలో ఏళ్ల తరబడి పడుకున్నా మొలకెత్తదు. ఆ కన్నేమో ఆవగింజలో సగం. బాబాయి రెండు కళ్లద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని దాన్ని వెతుకుతుంటే, తెనాలి నుంచి వచ్చిన అత్తగారు గుమ్మంలోంచి చూసి, "నీ దుంప తెగ, ఇదేం పిచ్చి నాయనా!" అని నవ్వుతుంది. ఆయనకు అది తిట్టులా వినబడదు. తెగితేనే కదా ఒకటి నాలుగయ్యేది.

కత్తి విషయంలో ఆయనది మహా మడి. ఒక గుత్తి కోయగానే కత్తిని బ్లీచు నీళ్లలో ముంచి తీస్తే గాని రెండోదాన్ని ముట్టడు. డాలియాలకు వైరస్ తెగుళ్లు ఎక్కువ. ఒకసారి మొక్కకు పట్టిందా, మందు లేదు, పీకి చెత్తలో వేయడమే. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఈ తెగుళ్ల మీద పరిశోధన చేసిన ప్రొఫెసర్ పేరు హను పప్పు. ఇంటిపేరు వినగానే బాబాయికి చుట్టరికం కలిసినంత సంబరం. ఒక రకం మొజాయిక్ వైరస్ జన్యుపదార్థం డాలియా జన్యువుల్లోనే కలిసిపోయి ఉందని ఆ ప్రొఫెసర్ బృందం తేల్చింది. ఈ సంగతి ఆయన సత్యనారాయణ వ్రతాలకు వెళ్లినా చెబుతాడు, ప్రసాదం పంచేలోపల.

ఇక చలికాలపు నిల్వ. దుంపలు గడ్డకట్టకూడదు, వెచ్చబడకూడదు. నాలుగు నుంచి పది డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అందువల్ల గ్యారేజీలో దుంపలుంటాయి, కారు వానలో ఉంటుంది. పేరు చీటీలు ఊడిపోతాయని ఒక్కో దుంప ఒంటి మీదే మార్కర్‌తో పేరు రాస్తాడు. ఒక జనవరిలో అత్తగారు గ్యారేజీలోకి వెళ్లి, అట్టపెట్టెలో పొట్టులో పొర్లిన దుంపల్ని చూసి, "చిలగడదుంపలు ఇన్ని పెట్టుకుని కొట్టుకెళ్తారేమిటి?" అనుకుంది. వాటి మీద రాతలు కొట్టువాడి ధరలనుకుంది. బాబాయి ఆఫీసు నుంచి వచ్చేసరికి పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. చెక్కు తీసిన తొక్కల మీద అక్షరాలు కూడబలుక్కుని చదివితే తేలిందిది: ఒక 'బిషప్ ఆఫ్ లాండాఫ్', ఒక 'థామస్ ఎడిసన్', రెండు 'కాఫే ఓ లే'. మొదటిది 1924 నాటి వేల్స్ రకం, నల్లటి ఆకుల మధ్య నిప్పులాంటి ఎరుపు. చివరిది పాలెక్కువైన కాఫీ రంగులో విచ్చుకుని, పెళ్లి అలంకరణల్లో విరివిగా కనబడే పువ్వు.

పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. తినడానికి భయం లేదు, డాలియా దుంప విషం కాదు. యూరప్‌వాళ్లు మొదట్లో దాన్ని బంగాళాదుంపకు తోడుగా తిందామనే చూశారు, రుచి నచ్చక పూలకు సరిపెట్టుకున్నారు. దుంపలో పిండిపదార్థానికి బదులు ఇన్యులిన్ ఉంటుంది. అది చిన్నపేగులో అరగదు, పెద్దపేగులో సూక్ష్మజీవుల పాలవుతుంది. ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ వాముతో పని పడింది.

వసంతంలో శత్రువులు మారతారు. ఏప్రిల్, మే నెలల్లో మొలక తల ఎత్తగానే నత్తలు దిగుతాయి. సియాటిల్ తడికి గుల్లలేని నత్తలు దిట్టంగా పెరుగుతాయి. రాత్రి పదకొండుకు బాబాయి టార్చితో పెరట్లో తిరుగుతుంటే పక్కింటి అమెరికన్ ముసలాయన మొదట దొంగనుకున్నాడు, తర్వాత సాటి బాధితుడని గుర్తుపట్టి తన టార్చి కూడా తెచ్చుకున్నాడు. నత్తలకు బీరంటే ప్రాణం. పళ్లెంలో పోసి మట్టిలో పాతితే వచ్చి పడి చస్తాయి. చుక్క ముట్టని శాకాహారి బాబాయి బండి నిండా బీరు డబ్బాలతో బిల్లు వరుసలో నిలబడితే, వెనక గుడి కమిటీ అధ్యక్షుడు! "నత్తలకండీ" అన్నాడు బాబాయి. ఆయన నమ్మలేదు. నమ్మినా కథ మెరుగుపడేది కాదు. ఏకాదశి నాడు మాత్రం బాబాయి బీరు పోయడు. నత్తలకు ఆ తిథి తెలుసేమోనని ఆయన అనుమానం.

పోటీల సీజన్ ఆగస్టు చివర మొదలవుతుంది. కొమ్మ చివర మూడు మొగ్గలుంటే పక్క రెండూ గిల్లేసి నడిమిదాన్నే ఉంచాలి, అప్పుడే పువ్వు పళ్లెమంత అవుతుంది. అమెరికన్ డాలియా సొసైటీ లెక్కలో పది అంగుళాలు దాటినవి అతిపెద్ద తరగతి. పాంపన్లనే బంతులు రెండంగుళాలు మించితే ఆ తరగతికి పనికిరావు. పెద్ద పువ్వు కాడ మీద నలభై అయిదు డిగ్రీల వంపుతో నిలబడాలి. న్యాయనిర్ణేతలు ముఖమే కాదు, వీపు కూడా చూస్తారు, వెనక రేకులు వాడితే మార్కులు పోతాయి. పోటీ రోజు వ్యానులో సీట్లన్నీ పూల బకెట్లకే. భార్యాపిల్లలు వెనక వేరే కారులో, ఏ బకెట్టూ ఒరగలేదు కదా అని ఫోన్లో జవాబు చెబుతూ వస్తారు.

ఆయన విత్తనాలతో కొత్తరకం పుట్టించాలనీ చూశాడు. దుంప నుంచి వచ్చేది తల్లికి నకలు. విత్తనం అలా కాదు. తోట డాలియాలో క్రోమోజోములు ఎనిమిది జట్లు. మనకు రెండే జట్లుంటేనే పిల్లలు ఎవరి పోలికో తేల్చలేక చుట్టాలు కొట్టుకుంటారు. వందల మొక్కల్లో ఒకటి ఆయనకు నచ్చింది, దానికి అత్తగారి పేరు పెట్టాడు. సొసైటీ ట్రయల్ తోటలో కొత్తరకం గుర్తింపు పొందాలంటే కనీసం 85 మార్కులు రావాలి. రాలేదు. "రూపం అస్తవ్యస్తం, మెడ బలహీనం" అన్న వ్యాఖ్యలున్న కాగితం తెనాలి చేరకుండా ఆయన తీసుకున్న జాగ్రత్త డాలియా దుంపలకు కూడా తీసుకోలేదు.

అసలు పరీక్ష బతుకమ్మకు. తంగేడు, గునుగు ఆ ఊళ్లో ఎక్కడ దొరుకుతాయి? వరంగల్, కరీంనగర్ ఆడపడుచులు బుట్టలు పట్టుకుని, "అన్నయ్యగారూ, నాలుగు పూలు" అంటూ గేటు తీస్తారు. నాలుగంటే నాలుగు వందలని అందరికీ తెలుసు. డాలియా ఎంత కోస్తే అంత పూస్తుంది. కోయకుండా వదిలితే గింజకట్టి మొగ్గలు తగ్గిస్తుంది. శాస్త్రం ఆయనకు కంఠతా వచ్చు. అయినా కత్తెర పడ్డ ప్రతిసారీ బాబాయి ముఖం తిప్పుకుంటాడు. మొత్తానికి ఆ చుట్టుపక్కల బతుకమ్మల్లో అంత ఎత్తున పేర్చింది మరొకటి ఉండదు.

మన దగ్గర డాలియా శీతాకాలపు పువ్వు. వానలు తగ్గాక నాటితే డిసెంబరు, జనవరి నెలల్లో పూస్తుంది. కడియం నర్సరీల్లో ఆ రోజుల్లో కుండీలు దొరుకుతాయి. కుండీ కొనుక్కోండి, సుఖంగా ఉంటారు. ఎవరైనా ఆప్యాయంగా దుంపే చేతిలో పెడితే మాత్రం మొహమాటపడకుండా కన్ను ఉందో లేదో చూసి తీసుకోండి. ఆ తర్వాత మీ కారు వానలో తడిస్తే బాబాయిని తిట్టుకోకండి.