కడబంతిలో క్లోరిన్

మంచినీళ్లు, మరుగుదొడ్లు, చేతుల శుభ్రత. ఈ మూడింటినీ ఒక మూటగా కట్టి ప్రాజెక్టులవాళ్లు ‘వాష్’ అంటారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు శిక్షణ అవకాశాలు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో కోర్సులున్నాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో నీళ్ల మీద ఎమ్మెస్సీ చేయొచ్చు. అంత దూరం పోలేనివాళ్లకు రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది, హైదరాబాద్‌లోనే ఆస్కీ అనే శిక్షణ సంస్థ ఉంది. కుర్చీలోంచి కూడా లేవలేని ఉద్యోగులకు ఐగాట్ కర్మయోగి అనే ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ ఉంది. వీడియో దాని మానాన అది ఆడుతుంటే, మన ఫోన్ మన మానాన మనం చూసుకుంటే, సాయంత్రానికల్లా సర్టిఫికెట్. దేశంలో నీళ్లకు కరువు రావొచ్చేమో గానీ నీళ్ల మీద శిక్షణకు మాత్రం ఎప్పుడూ రాదు.

ఇన్ని సీట్లలో ఒక్క సీటు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. అది తెల్లారుజామునే లేచి, ట్యాంకెక్కి, బ్లీచింగ్ కలిపి, వాల్వు తిప్పేవాడిది. అతన్ని పిలవలేదని కాదు. ఆ టైముకు అతను వాల్వు దగ్గరుంటాడు, అంతే.

మన దగ్గర శిక్షణ కొండమీది నుంచి పల్లానికి పారుతుంది. ముందు రాష్ట్రస్థాయిలో మాస్టర్ ట్రైనర్లకు ఐదు రోజులు, ఏసీ హాల్లో. వాళ్లు జిల్లాకొచ్చి మూడు రోజులు చెబుతారు. జిల్లావాళ్లు డివిజన్‌లో రెండు రోజులు, డివిజన్‌వాళ్లు మండలంలో ఒకరోజు. అది కూడా జనరల్ బాడీ మీటింగు లేకపోతేనే. చివరికి ఊళ్లో పంచాయతీ ఆఫీసు గుమ్మం దగ్గర, కార్యదర్శి బండి స్టార్ట్ చేస్తూ, “బ్లీచింగ్ జాగ్రత్తగా వెయ్యండి, పైనుంచి ఆర్డరొచ్చింది” అంటాడు. శిక్షణ పూర్తయినట్టు పోర్టల్లో టిక్కు పడుతుంది. పెళ్లి భోజనంలో మొదటి బంతికి బూరెలు, గారెలు, పులిహోర. కడబంతికి వచ్చేసరికి చారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ ఇబ్బందల్లా కడబంతివాడే వడ్డించేవాడు కావడం. ఊరందరికీ నీళ్లు వడ్డించేది అతనే.

మండల పరిషత్ హాల్లో జరిగే ఒకరోజు శిక్షణ సంగతి కాస్త చెప్పుకోవాలి. దాని అందం దానిదే. వేదిక మీద ఫ్లెక్సీ, దానిమీద ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలో తేల్చడానికే ముందురోజంతా పడుతుంది. ఉదయం పదింటి కార్యక్రమం పదకొండున్నరకు మొదలవుతుంది. మొదట ఐస్ బ్రేకర్. పేరు, ఊరు, ఇష్టమైన జంతువు చెప్పాలి. ఒక కార్యదర్శి ‘ఏనుగు’ అంటాడు, అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత గ్రూపులు, చార్టులు, స్కెచ్ పెన్నులు. ‘నల్లా నీరు ఎందుకు సురక్షితం’ అన్న సెషన్ నడుస్తున్నప్పుడు వేదిక మీద అతిథుల ముందు వరసగా నీళ్ల బాటిళ్లు, హాలు వెనకాల ఇరవై లీటర్ల క్యాన్లు. అదే నల్లా నీళ్లను హాల్లో ఎవరూ ముట్టుకోరు. చెప్పే ఆయన కూడా మధ్యమధ్య బాటిల్ మూత తీసి ఒక గుక్క తాగి, సురక్షితమని మళ్లీ చెబుతాడు. లంచ్‌కు ముందు చేతులు కడుక్కునే పద్ధతి డెమో. అరచేయి, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్లు, మణికట్టు. బేసిన్ దగ్గర కుళాయి తిప్పితే గాలి వస్తుంది. అప్పుడు బకెట్టుతో నీళ్లు తెచ్చిపెట్టేది ఎవరనుకున్నారు? పొద్దున కుర్చీలు వేసింది, క్యాన్లు మోసింది, సాయంత్రం విస్తరాకులు ఎత్తబోయేదీ ఆ ఊరి సఫాయి సిబ్బందే. వాష్ శిక్షణలో వాష్ పని చేసింది వాళ్లొక్కరే. హాజరు పట్టీలో వాళ్ల పేర్లుండవు.

సరే, వాళ్లకు నేర్పాల్సింది ఏమైనా ఉందా అంటే, ఉంది. అందుకే ఈ గొడవంతా.

ఒక ఊళ్లో ట్యాంకు కింద నిలబడి నీళ్లు వదిలే ఆయన్ని అడిగాను.

“అన్నా, బ్లీచింగ్ ఎంత కలుపుతున్నవ్?”

“ఒక డబ్బా, సార్.”

“ఏ డబ్బా?”

చూపించాడు. పాత పెయింటు డబ్బా, అంచు వంగిపోయి ఉంది. “పోయినాయన ఇదే డబ్బాతోని ఏసేటోడు. ఆయన పోతే డబ్బా నాకొచ్చింది.”

ఇదీ మన రాష్ట్రాల్లో అన్నిటికంటే పాత శిక్షణ సంస్థ. ఫీజు లేదు, సిలబస్ మారదు, ఒక తరం నుంచి ఇంకో తరానికి డబ్బా చేతులు మారుతుంది. లెక్క మాత్రం కష్టమేమీ కాదు. బలమున్న పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు చాలని ప్రజారోగ్య పుస్తకాలు చెబుతాయి. 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పౌడర్‌ను నేరుగా ట్యాంకులో గుమ్మరించకూడదు. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగాక, పైతేట మాత్రమే పోయాలి. కనీసం అరగంట ఆగాకే వాల్వు తిప్పాలి. ఇంకో సంగతి, పీపీటీలో ఎక్కడా ఉండనిది: బస్తా మూతి విప్పి వర్షానికీ ఎండకీ ఒక మూల పడేస్తే అందులోని క్లోరిన్ ఎగిరిపోతుంది. మిగిలేది గోడకు పూసుకోవాల్సిన సరుకు. ఆ ఊళ్లో బస్తా నోరు తెరిచే ఉంది. అంటే కొలత నేర్పినా దండగే, ముందు బస్తాకు మూత నేర్పాలి. అదైనా కొన్నవాళ్లకు నేర్పాలి.

ట్యాంకు నిచ్చెనకు కింది నుంచి ఆరో మెట్టు లేదు. తుప్పుపట్టి ఊడిపోయిందట. “అక్కడ కాలు లేపి పైదానిమీద ఏస్తం సార్, అలవాటయింది” అన్నాడు. ఒక చేతిలో బకెట్టుతో. దీన్ని శిక్షణ భాషలో నైపుణ్యాభివృద్ధి అనొచ్చు.

నైపుణ్యం మాటకొస్తే తెలంగాణ పంచాయతీలు ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేని కోర్సు ఒకటి ఇస్తున్నాయి. దాని పేరు మల్టీపర్పస్ వర్కర్. పొద్దున మోరీ తీయాలి, తర్వాత ట్రాక్టర్ మీద చెత్త ఎత్తాలి, నర్సరీ మొక్కలకు నీళ్లు పెట్టాలి, వీధిలైటు పోతే స్తంభం ఎక్కాలి, రాత్రి మోటారు చూసుకోవాలి. ప్లంబరు, డ్రైవరు, తోటమాలి, ఎలక్ట్రీషియన్, అందరూ ఒకే ఒంట్లో. జీతం చాలాకాలం 8,500 రూపాయలు, తర్వాత 9,500. ఈ విధానం వద్దు మొర్రో అని కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి టెంట్లు వేస్తున్నాయి. ‘సఫాయన్నా నీకు సలామన్నా’ అని నినాదం రాసిన రాష్ట్రంలో సలాం నెలనెలా అందుతుంది, జీతమే ఒక్కోసారి ఆలస్యమవుతుంది. పని నేర్పకుండా స్తంభం ఎక్కిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు జిల్లా పేజీలు తిరగేస్తే చాలు.

జల్ జీవన్ మిషన్ వచ్చిన కొత్తలో ఒక మంచి ఆలోచన చేశారు. నిజంగా మంచిదే, వెటకారం కాదు. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్లు పరీక్షించడం నేర్పాలి, వాళ్ల చేతికి ఫీల్డ్ టెస్ట్ కిట్ ఇవ్వాలి. సీసాలో నీళ్లు పోసి, చుక్క మందు వేస్తే, పసుపు రంగు తేలాలి. చివరింటి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందా లేదా అన్నది ఆ పసుపే చెబుతుంది. ఫ్లోరైడ్ కూడా తెలుస్తుంది. పళ్లు పచ్చబడి, నడుములు వంగిన మనుషులను తరాలుగా చూసిన నల్లగొండ ఆడవాళ్లకు నీటి పరీక్ష గురించి ఉపన్యాసం అక్కర్లేదు, మందు సీసా ఇస్తే చాలు. నాగపూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దాకా పోయింది. పద్ధతిలో యంత్రం కంటే ముఖ్యమైనది రోజూ పటిక కొలిచి వేసే మనిషి. మనిషి మానేస్తే ప్లాంటు గోడలు మిగులుతాయి.

కిట్టు సంగతికొద్దాం. నేను చూసిన చోట అది పంచాయతీ బీరువాలో భద్రంగా ఉంది. తాళంచెవి కార్యదర్శి దగ్గర, కార్యదర్శేమో ఇన్‌చార్జిగా ఇంకో పంచాయతీలో. చివరికి తాళంచెవి దొరికాక, శిక్షణ పొందిన ఐదుగురిలో ఒకామె పెట్టె తెరిచి చూపించింది. మందు సీసాల మీద గడువు తేదీ దాటిపోయింది. “పసుపు రాకపోతే క్లోరిన్ లేదా, మందుకు బలం లేదా అక్కా?” అంటే నవ్వి ఊరుకుంది. ఫొటో మాత్రం దిగి అప్‌లోడ్ చేశారట. పోర్టల్‌కు ఫొటోలో రంగు కాదు, మనుషులు కనబడితే చాలు.

పారిశుద్ధ్యం వైపు చూస్తే మన దగ్గర జరిగిన ఒకే ఒక్క అసలైన ప్రాక్టికల్ నాకు గుర్తుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మరుగుదొడ్డి గుంతలోకి దిగి, ఎరువు ఎత్తిపోశారు. ఆయనతోపాటు వేరే రాష్ట్రాల అధికారులూ దిగారు. రెండు గుంతల మరుగుదొడ్డిలో నిండినదాన్ని మూసి ఏడాదికి పైగా వదిలేస్తే అది వాసన లేని ఎరువవుతుందని చూపించడానికి. మాటలు చెప్పకుండా చేసి చూపించినందుకు దండం పెట్టాలి. కానీ ఆ పాఠంలో రెండో సగం ఎవరూ చెప్పలేదు. అధికారి గుంతలో దిగితే మొదటి పేజీ వార్త. కూలీ సెప్టిక్ ట్యాంకులో దిగితే మామూలు పని, పైకి రాకపోతే లోపలి పేజీ వార్త.

రెండు గుంతల మరుగుదొడ్డి వేరు, సెప్టిక్ ట్యాంకు వేరు. సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ ఉంటుంది. అది తక్కువున్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన, ఎక్కువైతే వాసనే తెలియదు. వాసన పోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు, ముక్కు చచ్చినట్టు. ఈ ఒక్క ముక్క తెలిస్తే, కిందపడ్డ తోటివాణ్ని లాగబోయి రెండోవాడు, మూడోవాడు దిగడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపకూడదని 2013 చట్టం. మురుగు కాలువలో మనిషి చనిపోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం లెక్క కోర్టుదాకా వెళ్లి తేలింది. ముక్కు సంగతి మాత్రం ఏ మండల హాల్లోనూ చార్టు మీదికి ఎక్కలేదు. ఆ గంటలో ఏనుగు ఎవరికిష్టమో తేలుతోంది కాబోలు.

ఇవన్నీ నేర్పడానికి హోటలక్కర్లేదు. ట్యాంకు నీడలో ఒక పూట చాలు. చెప్పేది పక్క ఊళ్లో పని బాగా చేస్తున్న నీళ్లాయనే కావాలి, ఆ పూట కూలి ఇద్దరికీ కట్టివ్వాలి, చివరింటి కుళాయి దగ్గర పసుపు రంగు వచ్చేదాకా ఎవరూ కదలకూడదు. ఈ మాట ఒక అధికారి చెవిన వేశాను. బాగుందన్నారు. కాస్త ఆలోచించి, “మరి ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలండీ?” అన్నారు.

అయినా పైవాళ్లు ఊరుకోలేదు. కింది సిబ్బందికి ఏ శిక్షణ అవసరమో వాళ్లనే అడగండని ఒక ఫార్మాట్ పంపారు. నేను ట్యాంకు చూసిన ఊరి కార్యదర్శి కుర్రాడు, మంచివాడు, నిజంగానే వెళ్లి అడిగాడు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాశాడు: నిచ్చెనకు ఆరో మెట్టు, చేతికి గ్లౌజులు, మూత ఉన్న డ్రమ్ము, కొత్త బ్లీచింగ్ బస్తా, పాత జీతం బకాయి. ఇవి శిక్షణ అవసరాల కిందికి రావని, ఇచ్చిన నమూనాలోనే మళ్లీ పంపమని కాగితం వారంలోపే తిరిగొచ్చింది. నమూనాలో ఉన్న ఆప్షన్లు మూడే. కుర్రాడు కళ్లు మూసుకుని ‘ఒత్తిడిని జయించడం ఎలా’ దగ్గర టిక్కు పెట్టాడు. వచ్చే నెల మొదటి మంగళవారం, మండల పరిషత్ హాలు, ఉదయం పది గంటలకు. కుర్చీలు వేయడానికి సఫాయి సిబ్బందిని ఏడింటికల్లా పంపాలని కింద ప్రత్యేకంగా రాశారు.