మెయిల్ రాలేదు

2017 జనవరి 31. గిట్‌ల్యాబ్ కంపెనీలో డేటాబేస్ చూసుకునే ఒక ఇంజనీరు ఆ రోజుకు పని కట్టేసి పడుకుందామనుకుంటున్నాడు. ప్రోగ్రామర్లు తాము రాసిన కోడ్‌ను దాచుకునే, పదిమందితో కలిసి దిద్దుకునే సైట్ అది. కంపెనీకి ఆఫీసంటూ లేదు. ఉద్యోగులందరూ ఎవరిళ్లలోంచి వాళ్లు పనిచేస్తారు.

సాయంత్రం నుంచి డేటాబేస్ మీద లోడు పెరుగుతోంది. ఒక పక్క స్పామ్ వచ్చి పడుతోంది. ఇంకో పక్క, ఎవరో ఆకతాయి చేసిన తప్పుడు ఫిర్యాదు వల్ల కంపెనీ ఉద్యోగి ఒకరి ఖాతా మొత్తం డిలీట్ అవుతోంది. ఈ రెండో సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

డేటాబేస్ రెండు సర్వర్లలో ఉంది. డీబీ1 అసలుది, డీబీ2 దాని నకలు. అసలులో ఏ మార్పు జరిగినా క్షణాల్లో నకలుకు చేరాలి. అంతర్జాతీయ కాలమానం ప్రకారం రాత్రి 10 దాటాక డీబీ2 వెనకబడింది. అది అందుకోవలసిన, మార్పులు రాసి ఉండే లాగ్ ఫైళ్లను డీబీ1 అప్పటికే తీసేసింది. ఇక నకలును మొదటి నుంచీ మళ్లీ తయారుచేయడమే మార్గం. అందుకోసం డీబీ2లో ఉన్న డేటాను తుడిచేశారు.

ఇంజనీరు పడుకోలేదు.

కాపీ చేసే కమాండ్ ఇచ్చాడు. అది మొదలైంది, కానీ ముందుకు కదలదు. ఎర్రర్ ఇవ్వదు, ఒక్క ముక్క మాట్లాడదు. డీబీ1 నుంచి డేటా రావడం మొదలయ్యేదాకా ఆ ప్రోగ్రామ్ అలా మౌనంగా ఎదురుచూడటం మామూలేనని తర్వాత తేలింది. కంపెనీ రాసుకున్న పని పుస్తకాల్లో ఆ ముక్క లేదు. సెట్టింగులు మార్చి చూశాడు. లాభం లేకపోయింది. ఇంతకుముందు చేసిన ప్రయత్నాల్లో డీబీ2 ఫోల్డరులో ఏవో ఫైళ్లు మిగిలి ఉంటాయని, ఫోల్డరు ఖాళీగా లేకపోవడం వల్లే ప్రోగ్రామ్ మొరాయిస్తోందని అనుకున్నాడు. ఆ ఫోల్డరు తీసేస్తే సరి.

ఆర్ఎం, మైనస్ ఆర్ఎఫ్. ఈ కమాండ్ నిజంగా తీసేయమంటారా అని అడగదు. తీసేసినదాన్ని రీసైకిల్ బిన్‌లో పెట్టదు. ఎంటర్ కొట్టాడు.

ఒకటి రెండు సెకన్ల తర్వాత స్క్రీన్ మీద సర్వర్ పేరు చూశాడు. డీబీ1.

వెంటనే ఆపాడు. రాత్రి 11:27. దాదాపు 310 గిగాబైట్లలో మిగిలింది 4.5. మన దగ్గర అప్పుడు తెల్లవారుజాము 5 కావస్తోంది.

గిట్‌ల్యాబ్ బ్యాకప్‌ల విషయంలో అశ్రద్ధగా ఉన్న కంపెనీ కాదు. కాగితం మీద ఐదు రకాల రక్షణ ఉంది. ఒక్కొక్కటే తెరిచి చూడటం మొదలుపెట్టారు.

నకలు సర్వర్: దాన్ని తుడిచింది వాళ్లే. అజూర్ క్లౌడ్‌లో తీసే డిస్క్ స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో అలా తీసిన కాపీలు: ఫైల్ సర్వర్లకు పెట్టారు, డేటాబేస్ సర్వర్లకు పెట్టలేదు. మిగిలినవాటిలో ముఖ్యమైనది రోజువారీ డంప్. 24 గంటలకొకసారి ఒక స్క్రిప్టు డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలులోకి ఎత్తి, అమెజాన్ ఎస్3లో దాస్తుంది. ఎస్3 తెరిచారు.

ఖాళీగా ఉంది.

ఆ స్క్రిప్టును నడిపేది క్రాన్. ఏ గంటకు ఏ పని జరగాలో ఒక్క లైనులో రాసిపెడితే చాలు, మనిషి నిద్రపోతున్నా అది ఆ పని చేయిస్తుంది. సర్వర్లు చూసుకునేవాళ్లు రాత్రిళ్లు కంటినిండా నిద్రపోగలగడం చాలావరకు దాని చలవే. యూనిక్స్ లోకంలో ఒక పాత మర్యాద ఉంది: పని సవ్యంగా జరిగితే ప్రోగ్రామ్ నోరెత్తదు. స్క్రిప్టు నోరెత్తితే క్రాన్ ఆ మాటను మెయిల్‌లో పంపుతుంది. మెయిల్ రాలేదంటే అంతా బాగున్నట్టు.

ఈ స్క్రిప్టు కూడా రోజూ వేళకు లేచింది. గిట్‌ల్యాబ్ వాడుతున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వెర్షన్ 9.6. డంప్ తీసే ప్రోగ్రామ్ ఏ వెర్షన్‌ది వాడాలో డేటా ఫోల్డరులోని ఒక చిన్న ఫైలు చెబుతుంది. స్క్రిప్టు నడిచేది మాత్రం వేరే సర్వర్లో. అక్కడ డేటా ఫోల్డరు లేదు, ఆ ఫైలూ లేదు. ఫైలు దొరక్కపోతే 9.2 వాడాలని లోపల రాసి ఉంది. పాత ప్రోగ్రామ్ కొత్త డేటాబేస్‌ను ఎత్తలేదు. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది.

క్రాన్ తన ధర్మం తప్పలేదు. ఎర్రర్‌ను మెయిల్ చేసింది.

ఆ మెయిల్ ఎవరికీ చేరలేదు. దొంగ పేర్లతో వచ్చే మెయిళ్లను ఆపడానికి డీమార్క్ అని ఒక పద్ధతి ఉంది. ఫలానా డొమైన్ నుంచి వచ్చానని చెప్పుకునే మెయిల్, నిజంగా అక్కడి నుంచే వచ్చినట్టు రుజువు చూపాలి. కంపెనీ క్రాన్ మెయిళ్లకు ఆ ఏర్పాటు చేయలేదు. అందుకోవలసిన మెయిల్ సర్వర్ వాటిని, సంతకం లేని చెక్కును బ్యాంకు వెనక్కి పంపినట్టు, గుమ్మంలోంచే పంపేసింది.

స్క్రిప్టు ఫెయిలైంది. మెయిల్ వెళ్లింది. మెయిల్ వెనక్కి పోయింది. ఇన్‌బాక్స్ ప్రశాంతంగా ఉంది. మర్నాడూ అంతే.

ఈ ఉదంతం మొత్తంలో నాకు మింగుడుపడనిది ఆ మెయిలే. స్క్రిప్టు బద్ధకించలేదు, తప్పు దాచుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దాని మాట వినపడకుండా చేసినది కూడా మంచి ఉద్దేశంతో పెట్టిన కాపలాయే. ఆ ఎస్3ని అప్పుడప్పుడూ తెరిచి చూడాల్సిన బాధ్యత ఫలానా మనిషిదని ఎవరికీ అప్పగించలేదని కంపెనీయే తర్వాత తన నివేదికలో రాసుకుంది.

చివరికి మిగిలింది ఒక్కటి. రోజూ రాత్రి 1 గంటకు ఒక స్క్రిప్టు డిస్క్ స్నాప్‌షాట్ తీసి, ప్రయోగాలు చేసుకునే స్టేజింగ్ సర్వర్‌కు చేరుస్తుంది. బ్యాకప్ కోసం పెట్టుకున్నది కాదది. అయినా ఆ గడియలో అదే దిక్కు. కానీ అది 22 గంటల పాతది. దాన్ని వాడితే దాదాపు ఒక రోజు పని పోయినట్టే.

స్టేజింగ్‌లో చూస్తే అంతకంటే తాజా కాపీ ఒకటి ఉంది. అంతర్జాతీయ కాలమానంలో ఆ సాయంత్రం 5:20ది. ఏ స్క్రిప్టూ తీసింది కాదు. డేటాబేస్ లోడును పలు సర్వర్లకు పంచవచ్చేమో పరీక్షించడానికి, చేత్తో కమాండ్ ఇచ్చి తీసుకున్న స్నాప్‌షాట్. రాత్రి 1 గంటకు వచ్చిన కాపీతోనూ ఆ పరీక్ష జరిగేది. తాజా డేటా అయితే లెక్క నికరంగా తేలుతుందని మళ్లీ తీశారు.

ఆ కాపీనే వెనక్కి తేవడం మొదలుపెట్టారు. స్టేజింగ్ సర్వర్ డిస్కులు చవకవి, నెమ్మదివి. సెకనుకు 60 మెగాబిట్ల వేగం. గంటలు గడిచాయి. కంపెనీ ఏదీ దాచలేదు. ఏ నిమిషాన ఏం జరిగిందో రాసుకున్న కాగితాన్ని ఎవరైనా చదివేలా తెరిచిపెట్టింది. ఇంజనీర్లు పనిచేస్తుంటే యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చింది. ఒక దశలో 5,000 మంది చూశారు.

ఫిబ్రవరి 1న మన టైము ప్రకారం రాత్రి 11:30 ప్రాంతంలో సైట్ మళ్లీ లేచింది. తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా, మన ఆఫీసు వేళ పూర్తిగా అందులోనే పోయింది. కోడ్ వేరే సర్వర్లలో ఉంది గనుక భద్రం. ఆ 5:20 కాపీ తర్వాత డేటాబేస్‌లో చేరినవి మాత్రం దక్కలేదు: సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 కామెంట్లు, 700 మంది కొత్త సభ్యుల ఖాతాలు.

లైవ్ చూస్తున్నవాళ్లు అడిగిన ప్రశ్నల్లో ఒకటి: డిలీట్ చేసిందెవరు, ఉద్యోగం తీసేస్తారా? తీసేయబోమని కంపెనీ జవాబిచ్చింది.

సాయంత్రం 5:20కి ఆ కాపీ తీసిపెట్టింది ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. అతనే.