టీ గ్లాసు పాత్ర పోషించుట ఎలా?

ముందుగా ఊరంతా చాటాలి. వేషం ఖాయం కాకముందే చాటితే మరీ మంచిది. గరివిడి స్టేషన్లో విశాఖ పాసింజరు ఎక్కుతుంటే "ఎక్కడికిరా బావూ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "షూటింగుకి" అనాలి. ఏం వేషమంటే "బయటపెట్టొద్దన్నారు" అని కళ్లు దించుకోవాలి. హీరోకి టీ అందించడమే నీ వేషమని చెప్పక్కర్లేదు. ఈలోగా మీ అమ్మ "మావోడు హీరోకి తమ్ముడంట" అని ఫేకర్ ఫ్యాక్టరీ గేటు దాకా చేరవేసేస్తుంది.

పొద్దున్న ఆరింటికల్లా సెట్లో ఉండమంటారు. ఉండు. పిలిచేది సాయంత్రం నాలుగింటికి. ఆ పది గంటల్లో నీ పాత్రకి ఒక గతం అల్లుకో: తండ్రి లేడు, చెల్లెలి పెళ్లి అప్పు తీరలేదు. ఆ బాధంతా గ్లాసు పట్టుకునే తీరులో కనిపించాలి.

యాస దగ్గర మాత్రం జాగ్రత్త. నీకున్నది ఒక్క ముక్క: "టీ తాగండి బాబూ." పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి మాట్లాడుతున్నట్టే అన్నావనుకో, హైదరాబాదు నుంచొచ్చిన అసిస్టెంటు "ఉత్తరాంధ్ర యాస ఇలా ఉండదు" అని దిద్దుతాడు. వినయంగా నేర్చుకో. ముందో "ఏటి", వెనకో "ఏటి" తగిలించమంటాడు, తగిలించు. ఎన్నో ఏళ్లుగా మన సినిమాల్లో ఈ యాస పనివాళ్లకీ, నవ్వించేవాళ్లకీ దక్కింది. హీరోలకే ఎందుకో పట్టుబడలేదు. 2018లో వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీసి ఈ ఏర్పాటు కాస్తా పాడుచేశాడు. 80 మందికి పైగా కొత్తవాళ్లు, అందులో చాలామంది ఆ పేటవాళ్లే, ఎవరి మాట వాళ్లు మాట్లాడేశారు. జనం మెచ్చుకున్నారు కూడా. అలాంటివి చూసి చెడిపోకు.

లీనమవ్వమన్నారని మరీ లీనమైపోకు. 1949లో 'మనదేశం'లో ఎన్టీ రామారావుదీ చిన్న పోలీసు వేషమే. లాఠీఛార్జి సీన్లో ఆయన నిజంగానే బాదేశాడని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకి చెల్లింది. నువ్వు నిజంగా పొగలు కక్కే టీ ఇచ్చావంటే హీరో మూతి కాలుతుంది, నీ వేషం చల్లారుతుంది.

సినిమా వచ్చాక ఇంటిల్లిపాదినీ చీపురుపల్లి హాలుకి తీసుకెళ్లు. ఎడిటింగులో నీ ముఖం ఎగిరిపోయి చెయ్యొక్కటే మిగలొచ్చు. దానికీ ఉపాయముంది. షూటింగుకి ముందే విజయనగరం వెళ్లి, పైడితల్లమ్మ గుళ్లో ఎర్రదారం కట్టించుకో. కుడిచేతికే సుమా, గ్లాసు ఇచ్చేది ఆ చేత్తోనే.