కాశీకి పోతే అన్నంభట్టు అయిపోతాడా?

ఆరు ప్రశ్నలు ఇస్తారు. ఒకటి ఎంచుకోవాలి. 1600 పదాలు దాటకూడదు. గడువు ఆరు నెలలు. ప్రశ్న దేని గురించి? జ్ఞానం గురించి. మనకు తెలిసింది అసలు మనకెలా తెలిసిందన్న దాని గురించి. 1968లో జెనీవాలో పుట్టిన ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) చదువులో ప్లస్ టూ పిల్లలెవరూ తప్పించుకోలేని గండం ఇది. పేరు థియరీ ఆఫ్ నాలెడ్జ్. ఇందులో 'ఇ' గ్రేడు వచ్చిందా, మిగతా సబ్జెక్టులు ఎంత చించినా డిప్లొమా చేతికి రాదు.

మంచి పరీక్షే. పదిహేడేళ్ల పిల్లాణ్ణి కూర్చోబెట్టి 'నువ్వు నమ్మేది ఎందుకు నమ్ముతున్నావు?' అని అడగడం మాటలా? ఇదే పరీక్ష నామినేషన్ వేసేటప్పుడు మన నాయకులకు పెడితే ఎలా ఉంటుందా అని ఒక్క క్షణం ఆశ పుట్టింది. అత్యాశ. పోనివ్వండి.

హైదరాబాదు రండి. కోకాపేట. ఇరవై ఎనిమిదో అంతస్తు.

"డాడీ, ఒక డౌట్. ఈ ప్రశ్నలో 'తప్పనిసరా' అన్నాడు. అంటే ఏంటి?"

"'ఎ' గ్రేడు తప్పనిసరి, అంతే. ఆ ట్యూటర్‌కి ఫోన్ కొట్టు నాన్నా, నాకు కాల్ ఉంది."

పాపం, పిల్లాడిది అసలు సిసలు డౌటు. 2023 మే బ్యాచ్‌కు వచ్చిన ప్రశ్నల్లో ఒకదాని సారాంశం ఇది: ఒకసారి చేసినదాన్ని మళ్ళీ చేసి అదే ఫలితం రాబట్టగలగడం, జ్ఞానం పుట్టడానికి తప్పనిసరా? గుట్టంతా ఆ చివరి మాటలోనే ఉంది. 'ఉపయోగమా' అనలేదు. 'మంచిదా' అనలేదు. 'తప్పనిసరా' అన్నారు. అది లేకుండా జ్ఞానం పుట్టిన చోటు ఒక్కటి చూపించు, ప్రశ్న పునాది కదులుతుంది.

చూపించలేమా? నాగార్జునకొండ లేదూ! 1954 నుంచి 1960 దాకా తవ్వారు. ఆ తర్వాత సాగర్ నీళ్లొచ్చాయి. ఇక్ష్వాకుల విజయపురి మునిగింది. 'ఆ తవ్వకం మీద నాకు అనుమానం, మళ్ళీ తవ్వి చూస్తా' అనేవాడు ఇప్పుడు గజఈతగాడైనా కావాలి, డ్యామన్నా బద్దలు కొట్టాలి. మరి అక్కడ తెలిసింది జ్ఞానం కాదా? అవునంటే దానికి పూచీ ఏది? తవ్వినవాళ్ల నోట్సా? ఫొటోలా? కొండమీది మ్యూజియానికి తరలించిన శిల్పాలా? వాటిని మళ్ళీ మళ్ళీ చదవడం కూడా ఒక రకంగా 'మళ్ళీ చేయడమే'నా? ఇంకోపక్క, మళ్ళీ చేసి చూపలేని రసాయన ప్రయోగాన్ని పట్టుకొచ్చినవాణ్ణి ఎవడు నమ్ముతాడు? రెండుచోట్లా 'తప్పనిసరి' బరువు ఒకటేనా?

వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ఎక్కడ మొదలవుతోంది? వాట్సాప్‌లో.

'టైటిల్ నంబరు పంపండి, అవుట్‌లైన్ ఫ్రీ.' గైడెన్స్ అట దీని పేరు! టైటిల్ ఎంచేది వాళ్లు. ఉదాహరణలు వాళ్లవి. వాదన వాళ్లది. ఎదురువాదన కూడా వాళ్లదే. పిల్లాడిది ఏమిటి? పేరు. వ్యాసం మీద అదీ వేయకూడదని నిబంధన! స్కూల్లో టీచరు ఒక్క డ్రాఫ్టు మీద, ఒక్కసారే కామెంట్లు రాయాలి. ట్యూటరుకు ఆ పట్టింపేం లేదు. ఎన్ని డ్రాఫ్టులైనా సరే. గంటకింత. చాట్‌జీపీటీని నిషేధించం, వాడితే వాడామని చెప్పండి అని ఐబీ 2023లోనే అంది. ఎంత నమ్మకం! మనవాళ్ల మీద ఇంత నమ్మకం పెట్టుకున్నవాళ్లు ఈమధ్య ఇంకెవరూ కనపడలేదు.

అదే ఏడాది నవంబరు బ్యాచ్‌కు ఇంకో ప్రశ్న వచ్చింది. ఒక మాటను నిరూపించడానికి వాస్తవాలు మాత్రమే ఉంటే సరిపోతాయా అని. నన్నడిగితే దానికి జవాబు మన అపార్టుమెంట్లలోనే దొరుకుతుంది. వ్యాసం ఉంది, వాస్తవం. ఇది నా సొంత రాతేనన్న హామీ ఉంది, వాస్తవం. గ్రేడు వచ్చింది, అదీ వాస్తవం. మరి రాసింది వాడేనని రుజువైందా?

సరే, డబ్బున్నోళ్ల ముచ్చట మనకెందుకు అంటారా? అయితే మన ఇంటరు పిల్లల దగ్గరికే పోదాం. ఇక్కడ ఆ బాధే లేదు. ఇక్కడ ప్రశ్నను ప్రశ్న అనరు. బిట్ అంటారు. పొద్దున ఆరింటికి స్టడీ అవర్. రాత్రి పదింటికీ స్టడీ అవరే. మధ్యలో 'ఇది మనకెలా తెలుసు సార్?' అన్నవాడికి దొరికే జవాబు: 'వెయిటేజీ ఎంతో చూసుకున్నావా?'

ఈ 'ఎలా తెలుసు' మీదే ఎనిమిదో శతాబ్దంలో ధర్మోత్తరుడనే బౌద్ధ తార్కికుడు ఒక చిక్కు పెట్టాడు. మాంసం కాల్చుకుందామని అప్పుడే నిప్పు రాజేశారు. పొగ ఇంకా లేవలేదు. వాసనకు పురుగులు గుంపుగా మూగాయి. దూరాన ఉన్నవాడు ఆ నల్లటి గుంపును చూసి పొగ అనుకున్నాడు. 'అక్కడ నిప్పుంది' అన్నాడు. నిప్పు నిజంగానే ఉంది! మరి వాడికి తెలిసిందందామా? లేదు. తగిలింది, అంతే. 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికా ఆచార్యుడు ఇలాంటి చిక్కే మూడు పేజీల్లో వేస్తే పాశ్చాత్య తత్వవేత్తలు ఈరోజుకీ తేరుకోలేదు.

మన ఇంటరు కాలేజీలు మాత్రం క్షణంలో తేల్చేశాయి. నాలుగు ఆప్షన్లు. యూనిట్లు కలవనిది ఒకటి కొట్టెయ్. మరీ పెద్ద అంకె ఇంకొకటి కొట్టెయ్. మిగిలినవాటిలో సార్ చెప్పిన కిటుకు వేసి ఒకటి దిద్దెయ్. జవాబు కరెక్ట్. ర్యాంకు ఖాయం. పిల్లాడికి తెలిసిందా అని ఎవడడిగాడు? పురుగుల గుంపుకే ఫ్లెక్సీలు కట్టి, టీవీల్లో ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదివేస్తున్నాం. అందులోనూ ఒకే మొహం రెండు సంస్థల ఫ్లెక్సీల మీద నవ్వుతూ ఉంటుంది. చదివించింది ఎవరమ్మా? ప్రత్యక్ష ప్రమాణం ఇద్దరి దగ్గరా ఉంది: ఫొటో. కోచింగ్ ప్రకటనల్లో అబద్ధాలు చెప్పకండి బాబూ అని కేంద్రం 2024 నవంబరులో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చిందంటే, జ్ఞానం అమ్మేవాళ్ల నిజాయతీ ఏపాటిదో చూడండి.

ఇక ప్రభుత్వాలు. రాజ్యాంగంలో 51ఎ(హెచ్) అని ఒకటుంది. శాస్త్రీయ దృష్టి, ప్రశ్నించే తత్వం పెంచుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అంటుంది. చేర్చిందెప్పుడు? 1976లో. ఎమర్జెన్సీలో! ప్రశ్నించినవాళ్లను జైల్లో పెట్టి, ప్రశ్నించడం మీ విధి అని చట్టం రాశారు. ఇంతకు మించిన వ్యంగ్యం నావల్ల కాదు, కలం కింద పెట్టేయొచ్చు.

కానీ ఆంధ్రప్రదేశ్ పెట్టనివ్వదు. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఐబీతో ఒప్పందం చేసుకుంది. సర్కారు బడిలో జెనీవా చదువన్నారు. ఫొటోలు, చప్పట్లు. నెలలు తిరక్కుండా ఎన్నికలు, కొత్త ప్రభుత్వం. ఐబీ అటకెక్కింది. జనవరిలో జ్ఞానమైనది ఏడాది తిరిగేసరికి దుబారా అయింది. ఏం విచారణ జరిగి? తెచ్చినవాళ్లు అయిదు తరగతులనూ ఒంటరిగా కాచే ఏకోపాధ్యాయుణ్ణి పిలిచి 'నీకేం కావాలయ్యా?' అని అడిగారా? తీసేసినవాళ్లు 'ఆ పరీక్ష వద్దు, ఆ ప్రశ్న మాత్రం మా బడిలో ఉంటుంది' అన్నారా?

ఆ ప్రశ్నను ఉంచడానికి జెనీవా దాకా పోనక్కర్లేదు. పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు అనే మన తెలుగువాడు 'తర్కసంగ్రహం' రాశాడు. పిల్లలకు సులువుగా అర్థం కావాలనే రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. పిల్లలకండీ! ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కళ్లతో చూశావా, పొగను బట్టి నిప్పును ఊహించావా, పోల్చుకున్నావా, నమ్మదగినవాడు చెబితే విన్నావా? తెలిసినదల్లా వీటిలో ఏ దారిన తెలిసిందో చెప్పు అన్నాడు. ఆయన పాండిత్యం ఎంతటిదంటే, కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు కాలేడని సామెతే పుట్టింది. మనకు సామెత మిగిలింది. పుస్తకం సంస్కృతం క్లాసులో ఓ మూల మిగిలింది. అక్కడా బట్టీయే లెండి.

ఆయన నాలుగో దారికి మాత్రం ఇప్పుడు మహా గిరాకీ. నమ్మదగినవాడి మాట! ఆ నమ్మదగినవాడు వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు. వచ్చే మే బ్యాచ్‌కు ఆరు ప్రశ్నలూ సెప్టెంబరులో వస్తాయి. ఆయన అప్పుడే పోస్టరు వదిలాడు: 'ముందుగా బుక్ చేసుకున్నవారికి తగ్గింపు. మీ పిల్లల తరఫున మేము ఆలోచిస్తాం.' రేటు మాత్రం వేయలేదు. ఫోన్ చేసి తెలుసుకోవాలట.

కోకాపేట డాడీ కాల్ ముగించి, ఆ నంబరే కలుపుతున్నాడు.