మొయిలుఁ జొచ్చిన రాకెట్టు (సటీకా తాత్పర్యము)

తే.గీ.
పెళ్లివారలై సూళ్లూరుపేటఁ జేరి
దారిఁ బులికాటు జలమెల్ల దాటిపోయి
మెట్లపై నెండఁ గూర్చుండ మింటి కెగసి
మ్రోఁత వినుమున్నె రాకెట్టు మొయిలుఁ జొచ్చె!

ప్రతిపదార్థము: పెళ్లివారలై = పులిహోర డబ్బాలు, నీళ్ల సీసాలు, నిద్రలో లేపి తెచ్చిన పిల్లలు, "ఇంకెంతసేపురా?" అనెడి మేనత్త, వీరందఱితో కూడుకొనినవారమై; సూళ్లూరుపేటన్ = చెన్నై–గూడూరు రైలుదారిలో, చెన్నైకి సుమారు 80 కిలోమీటర్ల దూరముననున్న ఊరిని; చేరి = లోకలు రైలు దిగి, ఆటోవానితో బేరము కుదరక, మరల కుదిరి; దారిన్ = శ్రీహరికోటకు పోవు 18 కిలోమీటర్ల రోడ్డునందు; పులికాటు జలమెల్ల = పులికాట్ సరస్సు నీటినంతటిని; దాటిపోయి = గడచి; మెట్లపైన్ = గ్యాలరీ మెట్లమీద; ఎండన్ = ఎండయందు; కూర్చుండన్ = కూర్చుండియుండగా; మింటికిన్ = ఆకాశమునకు; ఎగసి = లేచి; మ్రోఁత = చప్పుడు; వినుమున్నె = చెవిని బడకముందే; రాకెట్టు = స్పష్టము; మొయిలున్ = మబ్బును; చొచ్చెన్ = దూరెను.

తాత్పర్యము: ఇంత దూరము వచ్చితిమి. అంతలో పోయినది.

విశేషములు: 'పెళ్లివారలై' అనుటచే పిలుపులేనిదే పోరాదని ధ్వని. 2019లో సామాన్యుల కొఱకు గ్యాలరీ తెఱచిన నాటినుండి ఆన్‌లైనులో పేరు నమోదు చేసుకొనుటయే శుభలేఖ. ముహూర్తము సెకన్లతో సహా పెట్టుదురు, అయినను తప్పవచ్చును. చంద్రయాన్-2కు 2019 జులై 15 తెల్లవారుజామున 2:51కి లగ్నము కుదిరినది. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పెళ్లిపెద్దగా వేంచేసిరి. ఇంక 56 నిమిషముల 24 సెకన్లున్నదనగా సాంకేతిక లోపము బయటపడి కౌంట్‌డౌన్ ఆగెను. జనులు చల్లారిన పులిహోర తిని ఇండ్లకు పోయిరి. వారము తిరిగి 22వ తేదీ మధ్యాహ్నము 2:43కు గాని అది లేవలేదు. మూడవ పాదమున 'మెట్లపై రేయిఁ గూర్చుండ' అను పాఠాంతరము ఆ రాత్రి పుట్టినదే కావలెను. గణములు సరిపోవుటచే దానిని త్రోసిపుచ్చలేము.

'జలమెల్ల' అనునది శీతకాలమున స్వభావోక్తి, ఆ కాలమున ఫ్లెమింగోలు ఉచితము. మండువేసవిలో అతిశయోక్తి. రోడ్డుకు రెండువైపుల ఎండి బీటలువారిన బురదయే కనబడును.

పద్యమునకు ప్రాణము 'మ్రోఁత వినుమున్నె' అను చోట నున్నది. వెలుగునకు ఆలస్యము లేదు. శబ్దమునకు కిలోమీటరుకు సుమారు 3 సెకన్లు పట్టును. కావున మొదట చెట్ల తలలమీద నారింజరంగు మంట లేచును. చప్పుడుండదు. అంత పెద్ద వస్తువు (ఎల్‌వీఎం3 అయినచో 43.5 మీటర్ల పొడవు, 640 టన్నుల బరువు) పిల్లివలె లేచుట చూచి జనులు కేకలు వేయుట మఱచి ఫోనులెత్తుదురు. ఇరుప్రక్కల బూస్టర్లలో ఒక్కొక్కదానియందు సుమారు 200 టన్నుల ఘన ఇంధనము మండుచున్నను వినబడునది మేనత్త గొంతే. పిమ్మట వచ్చును మ్రోఁత. అది చెవికంటె ముందు ఱొమ్మును తాకును. కూర్చున్న మెట్టు వణకును. ఒడిలోని స్టీలు డబ్బా మూత గణగణలాడును. పిల్లవాడు ఏడ్పు లంకించుకొనును. అప్పటికి రాకెట్టు మబ్బులో నున్నది.

ఇచ్చట పూర్వపక్షము: "ఇంట కూర్చుండి ఫోనులో చూచిన ఇంతకంటె బాగుగా కనబడును గదా?" నిజమే. దశలు విడిపోవుట, తెరమీద గీత వంకరపోకుండ సాగుట, కంట్రోల్ రూములో చప్పట్లు, ఇవన్నియు ఇంటివానికే దక్కును. మెట్లమీదివానికి తెల్లని పొగచారయే మిగులును. అయితే కవి 'చూచితిమి' అని ఎచ్చటనైన చెప్పెనా? నాలుగు పాదములు వెదకుడు, లేదు. చూచుటకైనచో ఇంటనే యుండదగును. పోవుట వినుటకు. ఆ మ్రోఁత ఏ స్పీకరులోను పట్టదు. ఫోనులో పట్టుకొనివచ్చినవారు ఇంటికి పోయి వినిపించినచో మిక్సీ తిరిగినట్లుండునని అనుభవజ్ఞులు.

అలంకారము విషాదనమని కొందఱందురు. వాయిదా పడకుండుటచే ప్రహర్షణమని మా మతము.

ఫలశ్రుతి: చంద్రయాన్-3 (2023 జులై 14) లేచిన 16 నిమిషములలో కక్ష్య చేరెను, చూడవచ్చినవారు ఆపాటికి తమ వాహనము ఎచ్చట నిలిపిరో వెదకుకొనుచుందురు. ఈ పద్యము కంఠస్థము చేయుటవలన పుణ్యమేమియు లేదు. నమోదు మొదలైన కొద్దిసేపటికే చోట్లు నిండును, కనుక ఆలసింపరాదు. ఆధారు కార్డు, తలగుడ్డ దగ్గరుంచుకొని, వాయిదా పడిన పక్షమున చెన్నైకి చివరి లోకలు ఎన్ని గంటలకో ముందే కనుగొని బయలుదేరుడు.