బాబాయి గీకుడు

ఇలాంటి బాబాయి ప్రతి ఇంటికీ ఒకడుంటాడు. మావాడు విశాఖలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉండటంతో మరీ ముదిరాడు. అక్కడి గాల్లో ఉప్పుంది. ఉప్పు తేమని పట్టుకుంటుంది, తేమ ఇనుమును తింటుంది. గేటు, కిటికీ గ్రిల్లు, మేడమెట్ల రెయిలింగు, ట్యాంకు స్టాండు, ఆఖరికి గొళ్లెం మేకు కూడా ఆయన చూపు తప్పించుకోలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో రౌండ్లకి బయల్దేరతాడు. రంగు మీద శనగగింజంత పొక్కు కనిపిస్తే చాలు, గోటితో నొక్కుతాడు. కరక్కుమని పెచ్చు ఊడుతుంది. కింద ఎర్రపొడి.

"చూశావురా, పైకి ఎంత నంగనాచిలా ఉందో!"

షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన మనిషి. అదే అసలు చిక్కు. "1948లో నెహ్రూగారు జల ఉష ఓడని నీళ్లలోకి దింపిన చోటురా అది! అంతంత ఓడలకే గీకందే రంగెయ్యం, మీ గేటెంత?" అంటాడు. ఎవరి గేటునైనా గీకే హక్కు ఆయనకి ఆనాడే సంక్రమించినట్టుంది, తాను పుట్టకముందే.

పనితనానికి మాత్రం వంక పెట్టలేం. ముందు పెచ్చులు లేపుతాడు. తర్వాత ఇనుప బ్రష్షు, తర్వాత 80 నంబరు ఎమరీ, ఆపైన 120. టర్పెంటైన్ గుడ్డతో తుడిచి వెంటనే రెడాక్సైడు పూస్తాడు. ఆలస్యమైతే ఆ గాలికి గీకిన ఇనుము మళ్లీ ఎర్రబడుతుంది. తుప్పు మీదే రంగేసే పెయింటరంటే ఆయనకి పుండు కడక్కుండా పౌడరు రాసేవాడు. ఓ కుర్రాడు ఈ పాఠం సగం విని, ఇనుప నిచ్చెన కూడా వదిలేసి పారిపోయాడు. ఆ నిచ్చెనకీ ఇప్పుడు రెడాక్సైడే.

"రెడాక్సైడులో ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే కదా బాబాయ్, తుప్పు గీకి తుప్పే పూస్తున్నావా?" అని ఉడికించబోయాను.

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలి" అంటూ మొదలెట్టి ఢిల్లీ మెహ్రౌలీలోని గుప్తుల నాటి ఇనుప స్తంభం దాకా లాక్కెళ్లాడు. అందులో భాస్వరం ఎక్కువట, అది పల్చటి పొర కట్టి సుమారు 1,600 ఏళ్లుగా కాస్తోందట. చారు చల్లారిపోయింది.

"ఆ గుప్తులు రంగుల్లేకుండానే బతికారుగా, మీరూ బతకండి" అంది పిన్ని.

కూతురి సంబంధం కోసం వెళ్లినప్పుడు కూడా పిల్లాణ్ని చూడలేదు. వాళ్ల గేటు బందుల దగ్గర తాళంచెవితో గీకుతూ దొరికాడు. "మనుషులు మంచివాళ్లే. కానీ ప్రైమరు లేకుండా ఎనామిల్ కొట్టించారు" అని తీర్పు. పెళ్లయింది. ఏడాది తిరక్కుండానే ఆ గేటు పొక్కింది. ఆ సంగతి నాకు ఫోన్లో చెబుతున్నప్పుడు గొంతులో వినిపించిన ఉత్సాహం, తాతనవుతున్నానని చెప్పినప్పుడు కూడా లేదు.

ఇంతకీ ఆయనకి ఇష్టం గీకడం, రంగెయ్యడం కాదు. రెడాక్సైడు దాకా జోరుగా వస్తాడు. ఎనామిల్ దగ్గరికొచ్చేసరికి మబ్బు పడుతుంది. మబ్బు పోతే ఎండ ఎక్కువవుతుంది, కాలిన ఇనుము మీద రంగు ముడతలు పడుతుంది. సరే, కార్తీకం రానీ. ఒట్టి ప్రైమరు తేమని ఎక్కువకాలం ఆపలేదు, ఈ ముక్క నాకు చెప్పింది ఆయనే. కార్తీకం వచ్చేసరికి అడుగునుంచి మళ్లీ తుప్పు, మళ్లీ బ్రష్షు. ఆటోవాళ్లకి అది ఎర్రగేటు ఇల్లు. ఆ గేటు రంగు ఆకుపచ్చ అని మంచం కింద తొక్క కట్టిపోయిన డబ్బాకే తెలుసు.

ఆయన ఊరెళ్లినప్పుడు పిన్ని మనిషిని పెట్టి రెండు కోటింగులు ఎనామిల్ కొట్టించేసింది. తిరిగొచ్చి చాలాసేపు చూశాడు. నున్నగా ఉంది, గోటికి ఏమీ తగల్లేదు. బాగుందన్నాడు. ఆ వారమే సంచీతో మా ఇంట్లో దిగాడు. సంచీలో బ్రష్షు.

"మాది స్టెయిన్‌లెస్ స్టీలు బాబాయ్" అన్నాను గుమ్మంలోనే.

"సముద్రం పక్కన దానిక్కూడా మచ్చలొస్తాయిరా" అంటూ కళ్లజోడు తీశాడు.